నడుముకు తగిన పరుపు
(స్త్రీల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. రోజంతా ఇంటి చాకిరీ చేసి అలసిన ఆడదానికి కటిక నేలైనా పట్టుపరుపే అని ఆ మాటకు మనం అర్థం చెప్పుకుంటూ వచ్చాం. పాతికేళ్ళ వయసులో అది నిజమే కావచ్చు. నలభై దాటాక మాత్రం నిద్ర ఎరగని సుఖదుఃఖాలన్నీ నడుము ఎరుగుతుంది. పొద్దున్నే లేచి పాలగిన్నె కోసం వంగబోతే ఒక చెయ్యి గోడ పట్టుకోవడం, ఒక నిమిషం ఆగి "అమ్మా" అనుకోవడం మీలో చాలామందికి అలవాటే అయి ఉంటుంది. అందుకే ఈవేళ మీతో పరుపు గురించి ముచ్చటించాలనుకుంటున్నాను. పరుపు గురించి చెప్పడానికేముంది, వేసుకుని పడుకోవడమే కదా అంటారేమో! నేనూ అలాగే అనుకుని చాలా నెలలు ఊరికే బాధపడ్డాను.

నేను పుట్టి పెరిగింది గడివేముల. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. నల్లరేగడి నేలల ప్రాంతం, పత్తి బాగా తెలిసినవాళ్ళం. నంద్యాలలో 1906లో పెట్టిన వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే "నరసింహ" అనే పత్తి రకం వచ్చిందని మా నాన్న గొప్పగా చెప్పేవారు. కాబట్టి దూది పరుపు మా ఇంట్లో బజారులో కొనుక్కునే వస్తువు కాదు. నా పెళ్ళికి మా అమ్మ దగ్గరుండి దూది ఏకించి, రెండు పరుపులు కుట్టించి ఇచ్చి పంపింది. వాటి మీదే ఇరవై ఏళ్ళకు పైగా పడుకున్నాం. మధ్యలో ఒకసారి విప్పించి మళ్ళీ ఏకించాం. ఆ తరువాత దూదేకేవాళ్ళు మా వీధికి రావడం తగ్గిపోయింది. దూది గడ్డలు కట్టింది. పరుపు నడిమధ్య గుంట పడింది. ఆ గుంటలోనే నా నడుము.

డాక్టరుగారి దగ్గరికి వెళితే "గట్టి చెక్క మీద పడుకోండమ్మా" అన్నారు. నడుము నొప్పికి ఎన్నో ఏళ్ళుగా అందరూ చెబుతూ వచ్చిన సలహా అదే. మంచం మీద చెక్క పరిచి, దాని మీద దుప్పటి వేసుకుని నాలుగు నెలలు పడుకున్నాను. నడుము నొప్పి తగ్గలేదు సరికదా, పక్కకు తిరిగితే భుజమూ తుంటీ మొద్దుబారడం మొదలుపెట్టాయి.

ఇదంతా విని బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి రబ్బరుపాలతో చేసిన లేటెక్స్ పరుపు కొని పంపాడు. వాడు ఎన్నాళ్ళో కూడబెట్టుకున్న డబ్బు అది. "ఎలా ఉందమ్మా?" అని ఫోనులో అడిగితే "పువ్వుల మీద పడుకున్నట్టుంది నాయనా" అన్నాను. మొదటి వారం అది నిజమే. రెండో వారం నుంచి పొద్దున్నే నడుము పట్టెయ్యడం మళ్ళీ మొదలైంది. కాని బిడ్డ కష్టార్జితం, బాగాలేదని ఎలా చెప్పను? మూడు నెలలు నోరు మూసుకున్నాను.

సంక్రాంతికి గడివేముల వెళ్ళినప్పుడు మా అమ్మ పట్టేసింది.

"ఏందమ్మే, ముసల్దాన్ని నేనా నువ్వా? అట్ల వంగి నడుస్తాండావు?" అంది.

సంగతి చెప్పాను. ఆమె తన నులక మంచం చూపించింది. "భుజం నొచ్చినప్పుడు పైన ఇంకో రెండు పాత బొంతలు ఏసుకుంటా. నడుము గుంజితే బొంతలు తీసేసి కాళ్ళకాడ తాడు బిగించుకుంటా. మంచం నాకు తగ్గట్ల ఉండల్ల గానీ, మంచానికి తగ్గట్ల నేనుంటానా?" అంది.

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఊరు నుంచి రాగానే, పరుపుతోపాటు వచ్చిన కాగితం బీరువాలోంచి తీసి మొదటిసారిగా చదివాను. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. ఇంగ్లీషు కాగితం చదవడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. చదివితే తేలిందేమిటంటే, ఆ పరుపుకు చుట్టూ జిప్పు ఉంది, లోపల మూడు పొరలున్నాయి, వాటిని ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చి పేర్చుకోవచ్చు. మా అమ్మ బొంతలతో చేసే పనే!

ఇక అసలు విషయానికి వస్తాను. మన వెన్నెముక నిటారుగా నిలబెట్టిన కర్ర కాదు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్ళీ లోపలికి వంపు తిరిగి ఉంటుంది. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు ఉంటాయి. పగలంతా మన బరువు మోసి అవి కాస్త అణుగుతాయి. రాత్రి పడుకున్నాక నీరు పీల్చుకుని మళ్ళీ ఉబ్బుతాయి. పొద్దున లేచినప్పుడు మనం రాత్రికంటే సుమారు ఒక సెంటీమీటరు పొడుగు ఉండటానికి కారణం అదే. ఆ విశ్రాంతి సరిగా దొరకాలంటే, పడుకున్నప్పుడు కూడా ఆ వంపులు వాటి తీరున అవి ఉండాలి.

పరుపు మరీ గట్టిదైతే భుజమూ తుంటీ మాత్రమే ఆనుతాయి, నడుము గాలిలో వంతెనలా నిలుస్తుంది. రాత్రంతా కండరాలు దాన్ని మోస్తూనే ఉంటాయి. మరీ మెత్తనిదైతే శరీరంలో బరువైన భాగం, అంటే తుంటి, లోపలికి దిగిపోయి నడుము ఉయ్యాలలా సాగుతుంది. రెండూ నొప్పే.

మరి గట్టిదా, మెత్తనిదా? స్పెయిన్ దేశంలో ఎంతోకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి, ఏ పరుపు ఎవరిదో చెప్పకుండా, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు గమనించారు. ఆ ఫలితాలు 2003లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చాయి. మధ్యరకం పరుపుల మీద పడుకున్నవారికే పడక మీద నొప్పి, లేచేటప్పుడు నొప్పి, పనిలో ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. నడుము నొప్పికి చెక్కబల్లే మందు అన్న మాట అందరికీ వర్తించదని దానితో తేలింది.

ఇక ఈ లేటెక్స్ సంగతి. రబ్బరు చెట్టుకు గాటు పెడితే కారే పాలు ఇవి. మన దేశంలో ఎక్కువగా కేరళలో పండుతుంది. ఆ పాలను నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి, గంధకం సాయంతో ఆవిరిలో ఉడికిస్తారు. ఒక విధంగా ఇడ్లీ పోసినట్టే! 1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ పరిశోధనశాలలో ఈ పద్ధతి కనిపెట్టారు. కనిపెట్టిన మర్ఫీగారు తన భార్య కేకుపిండి గిలక్కొట్టే మిషనుతోనే మొదటి నురగ తీశారని చెప్పుకుంటారు. వంటింటి సామాను లేకుండా ఏ శాస్త్రమూ ముందుకు సాగదన్నమాట! ఈ నురగను ఎంత సాంద్రంగా పోస్తే పొర అంత గట్టిగా వస్తుంది. గట్టితనాన్ని కొలవడానికి ఒక గుండ్రని పలకతో పొరను దాని మందంలో నాలుగో వంతు అణిగేదాకా నొక్కి, ఎన్ని పౌండ్ల బలం పట్టిందో చూస్తారు. ఆ అంకె 20 ప్రాంతంలో ఉంటే మెత్తనిది, 30 ప్రాంతంలో మధ్యరకం, 40 దగ్గరైతే గట్టిది. కొనేటప్పుడు ఈ అంకె అడగండి. "సూపర్", "డీలక్స్" అన్న మాటలకు కొలత లేదు.

మా పరుపులో పైన 2 అంగుళాల మెత్తని పొర, నడుమ 3 అంగుళాల మధ్యరకం, అడుగున 3 అంగుళాల గట్టిది ఉన్నాయి. మా వారి వైపు, నా వైపు పొరలు వేరువేరు. పొరలు ముట్టుకునే ముందు రెండు పరీక్షలు చెయ్యమంటాను.

మొదటిది మంచానికి. ఈ పక్క పట్టె నుంచి ఆ పక్క పట్టెకు ఒక దారం బిగించి పట్టుకోండి. మధ్యలో దారానికీ చెక్కకూ మధ్య అంగుళం ఖాళీ ఉంటే తప్పు పరుపుది కాదు, మంచానిది. లేదా రెండు మూడు రాత్రులు పరుపు నేల మీద వేసుకుని చూడండి. నొప్పి తగ్గితే వడ్రంగిని పిలవండి. చెక్కపట్టీల మంచమైతే పట్టీల మధ్య సందు 2, 3 అంగుళాలకు మించకూడదు. నవారు మంచం మీద, నులక మంచం మీద ఈ పరుపు వెయ్యనే వద్దు, రెండూ కలిసి ఊయల అవుతాయి.

రెండో పరీక్ష మనకు. వెల్లకిలా పడుకుని నడుము కింద అరచెయ్యి దూర్చండి. చెయ్యి ఇటునుంచి అటు ఖాళీగా పోతే పరుపు మీకు గట్టిది. చెయ్యి దూరనే దూరకపోతే మెత్తనిది. నడుమును తాకుతూ, కాస్త కష్టంగా పోతే సరిపోయింది. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవారు వెనకనుంచి ఇంట్లోవాళ్ళ చేత సెల్‌ఫోనులో ఒక ఫోటో తీయించుకోండి. మెడ నుంచి తోక ఎముక దాకా వెన్ను తిన్నగా గీత గీసినట్టుండాలి. నడుము దగ్గర కిందికి జారినా, పైకి వంగినా పొర మార్చాలన్నమాట.

నా ఫోటోలో తుంటి కిందికి జారి ఉంది. అయినా నేను చేసిన మొదటి పని పొరపాటే. చెక్కబల్ల సలహా ఇంకా బుర్రలో ఉంది కాబట్టి గట్టి పొరను తీసుకొచ్చి అన్నిటికంటే పైన వేశాను. పది రోజులకు భుజం మళ్ళీ మొద్దుబారింది. అప్పుడు ఆలోచించాను. భుజానికి మెత్తన కావాలి, నడుముకు ఆధారం కావాలి. ఒకే పొర రెండు పనులూ చెయ్యలేదు. మెత్తని 2 అంగుళాల పొర మళ్ళీ పైకి తెచ్చి, దాని కిందనే గట్టి పొర పెట్టి, మధ్యరకాన్ని అడుగుకు పంపాను. భుజం రెండంగుళాలు దిగి హాయిగా కూర్చుంది. తుంటి అంతకంటే దిగకుండా గట్టి పొర ఆపింది. మొదట్లో తుంటికీ గట్టి పొరకూ మధ్య అయిదంగుళాల మెత్తదనం ఉండేది. నా నొప్పి అంతా ఆ అయిదంగుళాల్లోనే ఉంది!

కాబట్టి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పై పొర భుజానికి, నడిమి పొర నడుముకు. అడుగు పొర తేడా మనకు తెలిసేది చాలా కొద్ది.

దీన్నిబట్టి మీ నొప్పిని మీరే చదువుకోవచ్చు. పొద్దున లేవగానే నడుము పట్టేసి, అరగంట తిరిగాక సర్దుకుంటుంటే తుంటి దిగిపోతోందేమో చూడండి, గట్టి పొరను ఒక మెట్టు పైకి తెండి. భుజం, తుంటి మొద్దుబారుతుంటే, రాత్రి మాటిమాటికీ పక్క మారుతుంటే పైన మెత్తని పొర కావాలి. బరువైన మనుషులకు, వెల్లకిలా పడుకునేవారికి మెత్తదనం తక్కువ చాలు. మా వారి వైపు మధ్యరకం పైన, గట్టిది నడుమ, మెత్తనిది అట్టడుగున పెట్టాం. ఒకే మంచం, ఎవరి పొరలు వాళ్ళవి. భర్తకు బాగుంది కదా అని భార్య సర్దుకుపోనక్కరలేదు.

మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక కనీసం పది, పదిహేను రోజులు ఆగండి. శరీరం కొత్త పడకకు వెంటనే అలవాటు పడదు. నేను గోడమీది క్యాలెండరులో, పాలలెక్క పక్కనే, నొప్పి ఎక్కువైన రోజు ఒక చుక్క పెట్టాను. నెల తిరిగేసరికి ఏ అమరిక మంచిదో చుక్కలే చెప్పాయి. పొరలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి అంచు మీద పెన్నుతో "గట్టి", "మధ్య", "మెత్త" అని రాసుకోండి.

పొరలు మార్చడం ఒంటరిగా చేసే పని కాదు. మాలాంటి పరుపులో సగం మంచపు ముక్క ఒక్కొక్కటి పది పన్నెండు కిలోలు తూగుతుంది. పైగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంచు పట్టి లాగితే చిరుగుతుంది. చాపలా చుట్టి, ఇద్దరు పట్టుకుని మార్చండి. నడుము నొప్పి తగ్గించుకోబోయి నడుము పట్టించుకుంటే ఎట్లా?

ఇంకో రెండు చిన్న సంగతులున్నాయి. పరుపు మీద మందమైన దూది బొంతో, బిర్రుగా లాగి కట్టిన దుప్పటో వేస్తే కింద మెత్తని పొర ఉన్నా లేనట్టే. సాగే గుడ్డ, పలచని దుప్పటి చాలు. పై పొర మెత్తనైతే భుజం దిగుతుంది కాబట్టి పాత దిండు ఎత్తు అవుతుంది, మెడ పట్టేస్తుంది. దిండు తగ్గించుకోండి. వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాళ్ళ కింద, పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య ఒక చిన్న దిండు పెట్టుకుంటే నడుముకు ఎంతో తేలిక. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, చెయ్యి ఊతతో లేవండి.

నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెబుతాను, నవ్వుకోకండి. దూది పరుపును ఎండలో వెయ్యడం మన అలవాటు. పరుపుతో వచ్చిన లేటెక్స్ దిండును మే నెలలో గలీబు తీసి మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టాను. మా సీమ ఎండ సంగతి మీకు తెలుసు. దిండు పసుపు పచ్చగా మారి, రొట్టెముక్కలా రాలడం మొదలుపెట్టింది. రబ్బరుకు ఎండ శత్రువు. దీన్ని నీడలో గాలికి పెట్టాలి. నీళ్ళలో నానబెట్టకూడదు. అడుగున గాలి ఆడకపోతే చెమ్మపట్టి బూజు వస్తుంది.

ఇంత ఖరీదు పరుపు అందరికీ అక్కరలేదు, అందరికీ అందదు కూడా. దూది పరుపుతోనే ఈ సూత్రమంతా నడుస్తుంది. ఒక మందపాటి పరుపుకంటే రెండు పలచని పరుపులు మేలు. గట్టిగా కూరి కుట్టించింది కింద, వదులుగా ఏకించింది పైన వెయ్యండి. నెలకొకసారి తలవైపు కాళ్ళవైపుకు, పైది కిందికి తిప్పండి. గుంట పడ్డ చోట అడుగున ఒక మడత బొంత పెట్టండి. దూది గడ్డకడితే మాత్రం మళ్ళీ ఏకించక తప్పదు. చెక్కబల్ల మీద పడుకునేవారు ముందుగా రెండు బొంతలు వేసుకుని చూడండి, పైసా ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. రబ్బరు గ్లవుసులు, బెలూన్లు తగిలితే ఒళ్ళు దద్దుర్లు వచ్చేవారు లేటెక్స్ పరుపు కొనే ముందు డాక్టరును అడగాలి. పసిపిల్లలను మెత్తని పరుపు మీద పడుకోబెట్టకూడదు, వాళ్ళకు గట్టిగా, సమంగా ఉండే పక్కే క్షేమం. నొప్పి అన్నిటికీ పరుపే కారణమనీ అనుకోవద్దు. పడిపోయిన తరువాత వచ్చిన నొప్పి, జ్వరంతోనో బరువు తగ్గుతూనో వచ్చే నొప్పి, ఎటు తిరిగినా తగ్గని రాత్రి నొప్పి, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, ఇవి ఉంటే డాక్టరుకు చూపించాలి. మల మూత్రాలు అదుపు తప్పితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం మందు కాదనీ, ఓపిక ఉన్నంత మేరకు నడుస్తూ, పనులు చేసుకుంటూ ఉండటమే మంచిదనీ ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు.

నా నడుము పూర్తిగా నయమైందని చెప్పను. బిందె ఎత్తిన రోజు ఇప్పటికీ గుర్తుచేస్తుంది. కాని పొద్దున్నే గోడ పట్టుకోవడం పోయింది. ఉగాదికి మా అబ్బాయి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పాను. వాడు కోప్పడ్డాడు. పరుపు గురించి కాదు, మూడు నెలలు చెప్పనందుకు. "నేను పంపింది నువ్వు నిద్రపోవడానికమ్మా, నన్ను మెచ్చుకోవడానికి కాదు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

అమ్మలారా, ఇంట్లో అందరి పక్కలూ దులిపి వేసేది మనమే. ఎవరికి దిండు ఎత్తు కావాలో, ఎవరికి దుప్పటి పలచగా ఉండాలో మనకు తెలుసు. మన పక్క మాత్రం మిగిలిన చోట, మిగిలిన పరుపు మీద వేసుకుంటాం. నొప్పి అంటే ఇంట్లో ఏమనుకుంటారోనని ఊరుకుంటాం. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి నడుము కింద చెయ్యి పెట్టి చూసుకోండి. చెయ్యి చెప్పిందేమిటో ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పండి.